పడుకోవడం కూడా సేవే: తలకి దెబ్బ తగిలి కోలుకుంటున్న వాళ్ళ కోసం

 

ఈ వారం వీడియోలో తిరుమల ఏకాంత సేవ గురించి చెప్పుకున్నాం కదా. అందులో టైమ్ సరిపోక వదిలేసిన ఒక విషయం ఇక్కడ రాస్తున్నాను. బైక్ మీద నుంచి పడో, బాత్రూమ్‌లో జారో తలకి దెబ్బ తగిలి, హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చి కోలుకుంటున్న వాళ్ళ కోసం ఇది. వాళ్ళ ఇంట్లో వాళ్ళ కోసం కూడా.

మా పెదనాన్న గారి అబ్బాయి వానలో నారాయణగూడ ఫ్లైఓవర్ దిగుతూ బైక్ స్కిడ్ అయి పడ్డాడు. తల లోపల కొంచెం రక్తం గడ్డకట్టింది. ఆపరేషన్ అవసరం లేదన్నారు, పది రోజులకి ఇంటికి పంపేశారు. పైకి చూస్తే మనిషి బాగానే ఉన్నాడు. కానీ రాత్రి రెండున్నర దాకా నిద్ర పట్టదు. పగలు కూర్చున్నచోటే కళ్ళు మూతలు పడతాయి. సాయంత్రం అయ్యేసరికి కణతల దగ్గర తలనొప్పి. పొద్దున్నే పెద్దమ్మ వచ్చి, "లే నాన్నా, సుప్రభాతం కూడా అయిపోయింది, ఇంత పొద్దెక్కేదాకా పడుకుంటే లక్ష్మి నిలవదు" అంటుంది. ఒకరోజు అన్నయ్య నాతో అన్నాడు, "ఒరేయ్, ఆయనే నన్ను బతికించాడు. ఆయనకి దీపం పెట్టడానికి కూడా లేవలేకపోతున్నా. ఇది పాపం కాదా?"

కాదు. ఎందుకు కాదో చెప్తాను.

మనందరం సుప్రభాతాన్ని పట్టుకున్నాం, ఏకాంత సేవని మర్చిపోయాం. తిరుమలలో స్వామిని రోజూ లేపుతారు, రోజూ పడుకోబెడతారు కూడా. భోగ శ్రీనివాసుడి వెండి మూర్తిని ఊయల మంచం మీద పరుపు వేసి శయనింపజేస్తారు. పాలు, పండ్లు నివేదిస్తారు. తాళ్ళపాక వారి జోలపాట, తరిగొండ వెంగమాంబ హారతి, ఆ తర్వాత తలుపులు. ధనుర్మాసంలో ఆ సేవ కృష్ణుడికి జరుగుతుంది, అంతే తేడా. అంటే ఏడుకొండల వాడికి కూడా పడుకునే ముందు ఒక వరస ఉంది. వేడి పాలు, మెల్లని పాట, తగ్గిన వెలుతురు. డాక్టర్లు నిద్ర కోసం చెప్పే జాగ్రత్తలు కూడా దాదాపు ఇవే.

ఇక తొలి ఏకాదశి. మన ఇళ్ళల్లో పేలపిండి తిని పండగ చేసుకుంటాం. అసలు ఆ రోజు విశేషం ఏంటి? విష్ణుమూర్తి పడుకున్న రోజు! ఆషాఢ శుద్ధ ఏకాదశికి శయనించి, భాద్రపదంలో ఒకసారి ఒత్తిగిల్లి, కార్తీక శుద్ధ ఏకాదశికి లేస్తాడు. నాలుగు నెలలు. లోకాలు మోసేవాడి నిద్రకి మనం పండగ చేస్తాం. గాయపడ్డ మెదడు నాలుగు నెలలు అదనంగా నిద్ర అడిగితే మాత్రం సోమరితనం అంటాం. ఇదేం న్యాయం?

గీతలో ఆరో అధ్యాయం, 16, 17 శ్లోకాలు తీసి చూడండి. మరీ ఎక్కువ తిన్నా, అసలు తినకపోయినా యోగం కుదరదని, మరీ ఎక్కువ నిద్రపోయినా, అస్తమానం మేలుకునే ఉన్నా కుదరదని కృష్ణుడు చెప్తాడు. తిండి, తిరుగుడు, పని, నిద్ర, మెలకువ అన్నీ తగినంత ఉన్నవాడికే యోగం దుఃఖాన్ని పోగొడుతుందట. "తగినంత" అన్నాడు గానీ ఇన్ని గంటలు అని లెక్క ఇవ్వలేదు. నాకు తగినంత వేరు, తలకి దెబ్బ తగిలిన మనిషికి తగినంత వేరు. బ్రహ్మముహూర్తం గొప్పదే, కాదనను. రెండున్నరకి కన్ను మూసిన మనిషిని నాలుగున్నరకి లేపడం మాత్రం గీత ఒప్పుకునే పని కాదు.

చూడ్డానికి వచ్చిన చుట్టాలు ఒక మాట అంటారు: "ఏ జన్మలో చేసిన పాపమో." ఈ మాట రామాయణంలో కూడా ఉంది. యుద్ధకాండలో రావణుడి శక్తి తగిలి లక్ష్మణుడు పడిపోయినప్పుడు రాముడే ఏడుస్తూ అంటాడు, పోయిన జన్మలో నేనేం పాపం చేశానో అని. అప్పుడు పక్కనే ఉన్న సుషేణుడు ఆ పాపం లెక్కలోకి వెళ్ళడు. రామా, ఆ ఆలోచన మానుకో అని, లక్షణాలు చూపిస్తాడు. ముఖం నల్లబడలేదు, అరచేతులు ఎర్రగానే ఉన్నాయి, కళ్ళలో కళ ఉంది, బతికే ఉన్నాడు. వెంటనే హనుమంతుణ్ణి మూలికల కోసం పంపుతాడు, ఆ మందు నలిపి ముక్కులో వేస్తాడు. నాకు ఈ ఘట్టం చాలా ఇష్టం. పాపం గురించిన ప్రశ్నకి వైద్యుడు పరీక్ష చేసి జవాబు చెప్పాడు. భగవంతుడు ఆ జవాబు విన్నాడు.

2021 సెప్టెంబర్ 10, వినాయక చవితి రోజు, హీరో సాయి ధరమ్ తేజ్ కేబుల్ బ్రిడ్జి దగ్గర బైక్ మీద నుంచి పడి స్పృహ కోల్పోవడం అందరికీ గుర్తుండే ఉంటుంది. తలకి హెల్మెట్ ఉంది. విజయదశమికి, అంటే అక్టోబర్ 15న ఇంటికొచ్చారు. ఊరంతా హమ్మయ్య అనుకుంది. కానీ మాట మళ్ళీ సరిగ్గా రావడానికి ఎంత కష్టపడాల్సి వచ్చిందో తర్వాత ఆయనే చెప్పారు. డిశ్చార్జ్ రోజు మనకి కనిపిస్తుంది, ఆ తర్వాతి నెలలు కనిపించవు.

ఊర్మిళాదేవి నిద్ర పాట మీ అమ్మమ్మలకి తెలిసే ఉంటుంది. వాల్మీకంలో లేదు, మన తెలుగు ఆడవాళ్ళు పాడుకున్నది. లక్ష్మణుడు అడవిలో మేలుకుని ఉంటే, పధ్నాలుగేళ్ళు ఆమె నిద్రపోతుంది. ఆ నిద్రని మన వాళ్ళు త్యాగం అన్నారు, బద్ధకం అనలేదు. ఇంకో ముక్క ఉంది అందులో. భర్త తిరిగొచ్చి లేపితే ఆమె వెంటనే గుర్తుపట్టదు, ఎవరో పరాయివాడనుకుని కోప్పడుతుంది. తలకి దెబ్బ తగిలిన వాళ్ళు విసుక్కున్నా, పేర్లు మర్చిపోయినా ఇంట్లో వాళ్ళు ఈ పాట గుర్తుచేసుకోండి.

ఇక పూజ సంగతి. అగరుబత్తి, సాంబ్రాణి, కర్పూరం పొగ, గంట చప్పుడు, మెరిసే సీరియల్ లైట్లు, ఇవన్నీ తలనొప్పిని రేపొచ్చు. కొన్నాళ్ళు ఒక్క నూనె దీపం, ఒక పువ్వు చాలు. శనివారం ఉపవాసాలు, ఏకాదశి ఉపవాసాలు డాక్టర్‌ని అడక్కుండా వద్దు. ఖాళీ కడుపుతో తలనొప్పి పెరుగుతుంది, ఫిట్స్ మాత్ర ఉంటే ఒక్క పూట కూడా తప్పకూడదు. నొప్పి మాత్రల విషయంలో జాగ్రత్త. నెలలో 15 రోజులు, అంతకన్నా ఎక్కువ వేసుకుంటూ పోతే కొన్ని నెలలకి ఆ మాత్రల వల్లే తలనొప్పి వస్తుంది. ఏ రోజు నొప్పి వచ్చింది, ఎంత నిద్రపోయారు అన్నది ఒక నోట్‌బుక్‌లో రాసి డాక్టర్‌కి చూపించండి.

రోజూ ఒకే టైముకి లేవండి, ఆ టైము డాక్టర్‌తో మాట్లాడి పెట్టుకోండి. పగటి కునుకు అరగంట దాటకుండా చూసుకోండి. మధ్యాహ్నం తర్వాత ఇరానీ చాయ్ వద్దు (హైదరాబాద్ వాళ్ళకి ఇదే అసలు తపస్సు). పడుకునే ముందు ఫోన్ చూడొద్దు, మన ఛానల్ వీడియో అయినా సరే! రాత్రి మెలకువ వస్తే గడియారం చూడకుండా, చిన్న దీపం వెలుతురులో కూర్చుని మనసులో నామం అనుకోండి. మాల వద్దు, లెక్క వద్దు. లెక్కపెట్టడం కూడా అలిసిపోయిన మెదడుకి పనే. నిద్ర ముంచుకొస్తే నామం మధ్యలో ఆపి పడుకోండి, ఆయన ఏమీ అనుకోడు.

తలనొప్పి గంట గంటకీ పెరిగినా, వాంతులు మళ్ళీ మళ్ళీ అయినా, ఫిట్స్ వచ్చినా, కాలూ చేయీ లాగేసినా, మాట తడబడినా, ఒక కంటిపాప రెండోదానికన్నా పెద్దగా కనిపించినా, లేపితే లేవకపోయినా విభూతి పెట్టి చూద్దాం అనుకోకండి. వెంటనే హాస్పిటల్‌కి.

గుడికి వెళ్ళాలని మనసు లాగుతుంటే, మన హిమాయత్‌నగర్ టీటీడీ గుడికి శనివారం రద్దీలో కాకుండా మామూలు రోజు మధ్యలో వెళ్ళండి. ఇంకోటి, నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిర్. 1976లో ప్రతిష్ఠ జరిగిన ఆ గుడిలో గంటలు లేవు. ధ్యానానికి అనువుగా ఉండాలని రామకృష్ణ మఠం స్వామి రంగనాథానంద కోరారట. అందరికీ అదొక వింత, తలనొప్పి ఉన్నవాళ్ళకి మాత్రం వరం. మిట్ట మధ్యాహ్నం ఆ తెల్ల పాలరాయి కళ్ళల్లో కొడుతుంది, పొద్దువాలాక వెళ్ళండి. మెట్లు చాలా ఉన్నాయి, చెయ్యి పట్టుకోవడానికి ఒకరిని తీసుకెళ్ళండి.