సంఖ్యకూ రోగానికీ మధ్య

రక్తపరీక్ష నివేదికలో ఒక సంఖ్య హద్దు దాటి కనబడి, ఆ తరువాత చేయించిన పరీక్షలేవీ దానికి కారణం చెప్పలేకపోయినప్పుడు, ఆ మనిషి ఆరోగ్యవంతుల లెక్కలోనూ రోగుల లెక్కలోనూ చేరకుండా నిలిచిపోతాడు. రోగితో ఎలా మెలగాలో సమాజానికి తెలుసు. పరామర్శలూ, పథ్యాలూ, వేములవాడ రాజన్నకు కట్టే కోడె మొక్కులూ, చివరికి అప్పు పుట్టించే దారులూ రోగం పేరు తెలిసిన తరువాత వాటంతటవే కదులుతాయి. పేరు లేని తేడాకు అటువంటి ఏర్పాటు ఏదీ లేదు. లోపల ఏదో జరుగుతున్నదన్న సాక్ష్యం కాగితం మీద ఉంటుంది, ఒంట్లో దాని జాడ ఉండవచ్చు, లేకపోవచ్చు. అందువల్ల తన ఒంటిని నమ్మాలో కాగితాన్ని నమ్మాలో తేల్చుకోలేని స్థితిలో అతడు నెలలూ, ఒక్కోసారి ఏళ్లూ గడపవలసి వస్తుంది.

ముందుగా ఆలోచించవలసింది ఆ హద్దును గురించే. నివేదికలో ఫలితం పక్కన అచ్చయ్యే పరిమితిని ప్రకృతి గీసిన గీతగా చాలామంది భావిస్తారు. అది లెక్కలు గీసిన గీత. ఆరోగ్యంగా ఉన్నవారిని కొందరిని ఎంచుకొని, వారి ఫలితాలను తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేర్చి, రెండు కొసల నుంచీ రెండున్నర శాతం చొప్పున తొలగించగా మిగిలిన 95 శాతం మంది ఫలితాలు ఏ రెండు అంకెల మధ్య ఉంటాయో, సాధారణంగా అవే పరిమితులవుతాయి. అంటే నూరుగురు ఆరోగ్యవంతుల్లో ఐదుగురు ఆ నిర్వచనం వల్లనే బయట పడతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేయిస్తే, ఏ జబ్బూ లేని మనిషికి సైతం కనీసం ఒక ఫలితం హద్దు దాటే అవకాశం దాదాపు 64 శాతం. ‘ఫుల్ బాడీ చెకప్’ పేరిట పదుల కొద్దీ పరీక్షలను కట్టగట్టి అమ్మేవారు ఈ లెక్కను కూడా రసీదు మీద అచ్చువేస్తే బాగుండేది. ఈ చిక్కును ఎరిగినందువల్లనే ఫిన్లండ్ శాస్త్రవేత్తలు రాల్ఫ్ గ్రాస్‌బెక్, నిల్స్-ఎరిక్ సారిస్ 1969లో ‘నార్మల్’ అన్న మాటను వదిలి, పోల్చి చూడటానికి మాత్రమే పనికివచ్చే విలువలుగా వీటిని పరిగణించాలని ప్రతిపాదించారు.

పైగా ఎవరితో పోలుస్తున్నామన్న ప్రశ్న ఉండనే ఉంటుంది. గాయమైనచోట రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పశ్చిమ బెంగాల్ రక్తదాతల్లో చాలామందికి సంఖ్యలో తక్కువగా, పరిమాణంలో పెద్దవిగా ఉన్నాయనీ, అయినా వారికి రక్తస్రావం వంటి బాధలేవీ లేవనీ వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల పరిశోధకులు 2002లో ప్రకటించారు. ఒక ప్రాంతపు గీత మరొక ప్రాంతపు మనుషులను అకారణంగా రోగులుగా చూపగలదు. కొన్నిసార్లు తప్పు మనిషిలో గాక గొట్టంలో ఉంటుంది: రక్తం గడ్డకట్టకుండా గొట్టంలో ముందే ఉంచే ఈడీటీఏ అనే రసాయనం వల్ల కొందరి ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుపోతాయి, యంత్రం ఆ గుంపులను లెక్కించలేక సంఖ్యను తగ్గించి చూపుతుంది. సిట్రేట్ ఉన్న వేరొక గొట్టంలో తీసి చూస్తే చాలాసార్లు ఆ ‘జబ్బు’ మాయమవుతుంది.

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని చందుర్తి వంటి మండలంలో ఈ విషయానికి మరొక రూపం ఉంది. 2021 జూన్‌లో ప్రారంభమైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ జిల్లా కేంద్రాల్లో సిరిసిల్ల, పొరుగున ఉన్న జగిత్యాల రెండూ ఉన్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం ఇస్తే నమూనా జిల్లా కేంద్రానికి వెళ్లి, ఫలితం ఉచితంగా చేతి ఫోనుకు వస్తుంది. 2022లో జగిత్యాలలో, 2023లో సిరిసిల్లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఇది చిన్న మార్పు కాదు. అయితే సంఖ్య ఊరికి చేరినంత వేగంగా దాని అర్థం చేరలేదు. సందేహం చిక్కుపడినకొద్దీ రక్తవ్యాధుల నిపుణుల కోసం హైదరాబాదు దారి పట్టక తప్పదు. ఆ నడుమ కాలంలో, బీడీల చాట ముందు కూర్చున్న ఆడవాళ్ల మధ్యా మరమగ్గాల షెడ్లలోనూ "రక్తంల ఏదో ఉన్నదట" అన్న మాట ఒక మనిషి పేరుకు అతుక్కుపోతుంది.

గల్ఫ్ ప్రయాణం ఈ స్థితిని మరింత కఠినం చేస్తుంది. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో ఎందరికో ఒళ్లంతటినీ పరీక్ష చేయించుకోవలసిన తొలి సందర్భం రోగం కాదు, వీసా. ‘మెడికల్’ అని పిలిచే ఆ పరీక్ష మనిషిని నయం చేయడానికి కాక ఏరివేయడానికి ఉద్దేశించినది గనుక, దానికి ఫిట్, అన్‌ఫిట్ అన్న రెండు జవాబులే ఉంటాయి. ఏ బాధా ఎరుగని యువకుడు అన్‌ఫిట్ అయినప్పుడు, ఎందుకన్నది వివరించే బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుంది. కట్టిన డబ్బు, తెచ్చిన అప్పు మాత్రం అతడివే. వైద్యం ‘ఇంకా తెలియదు’ అనే చోట ఉపాధి ‘వద్దు’ అంటుంది.

తెలియనిదానిని భరించలేకపోవడం వల్ల పుట్టే మరొక కీడు తొందరపాటు నామకరణం. 1896లో ఫ్రాన్స్ వైద్యుడు ఫెర్నాండ్ విడాల్ రూపొందించిన పరీక్ష టైఫాయిడ్ క్రిమికి ఎదురుగా రక్తంలో తయారయ్యే ప్రతిరక్షకాలను పట్టి చూపుతుంది. ఎప్పుడో సోకిన జ్వరం వల్లా, వేయించుకున్న టీకా వల్లా కూడా అవి మిగిలి ఉండవచ్చు గనుక, టైఫాయిడ్ తరచూ వచ్చే ప్రాంతాల్లో ఒక్క విడాల్ ఫలితంతో ఏదీ తేలదు. అయినా ఆర్ఎంపీ దగ్గరి నుంచి పట్టణంలోని నర్సింగ్‌హోమ్ దాకా "టైఫాయిడ్ ఉన్నది" అన్న మాట ఎంత తేలికగా వినవస్తుందో తెలియనివారు తక్కువ. అబద్ధపు పేరు కూడా ఊరట ఇస్తుంది. అన్వేషణను ఆపివేయడమే ఆ ఊరటకు చెల్లించే ధర.

పేరు పెట్టకుండానే పని చేయడం సాధ్యమేనని చెప్పే చరిత్ర తెలుగువారికి దగ్గరిదే. 1928లో బొంబాయి వచ్చిన బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్, గర్భిణులైన పేద స్త్రీలలో, ముఖ్యంగా బట్టల మిల్లుల్లో పనిచేసేవారిలో, ఎర్రకణాలు ఉబ్బి పెద్దవై, సంఖ్యలో తగ్గిపోయే ఒక రక్తహీనతను పరిశీలించారు. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు కూడా బతుకు వెతుక్కున్న మిల్లులవి. ఆమెకు కారణం తెలియలేదు. ఏ క్రిమీ దొరకలేదు, ఆనాటికి ఎరిగిన విటమిన్లేవీ సరిపోలేదు. మార్మైట్ అనే ఈస్ట్ సారం తినిపిస్తే మాత్రం స్త్రీలు కోలుకున్నారు. 1931లో ఆమె ఆ సంగతిని ఉన్నదున్నట్టుగా ప్రచురించారు. అందులోని తెలియని పదార్థం చాలాకాలం ‘విల్స్ ఫ్యాక్టర్’గానే చెలామణి అయింది. అది ఫోలిక్ ఆమ్లమని తేలడానికి పదేళ్లు పైబడి పట్టింది. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దానిని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే పేగు వ్యాధికి పోగొట్టుకొని, తానూ దాని బారిన పడి, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో బయటపడిన మనిషి ఆయన. స్ప్రూలో వచ్చే రక్తహీనతకూ ఫోలిక్ ఆమ్లం పనిచేసింది. సమాధానం వచ్చింది, కాని ఆ అన్నదమ్ముల కాలానికి రాలేదు. తెలియనితనంతో బతకడం గురించి మాట్లాడేటప్పుడు ఈ చేదును దాచకూడదు: ఒక తరానికి అంతుపట్టనిది మరో తరానికి పాఠమవుతుంది, రోగికి మాత్రం తన తరమే ఉంటుంది.

అంతుపట్టనిదంతా నిరపాయకరమని అనుకోవడమూ తగదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మధుమేహమూ రక్తపోటూ లేని రైతులకూ కూలీలకూ క్రియాటినిన్ పెరుగుతుంది. కండరాల పనిలో పుట్టి మూత్రపిండాల ద్వారా బయటికి పోవలసిన ఆ వ్యర్థం రక్తంలో పేరుకోవడం మూత్రపిండాలు చెడుతున్నాయనడానికి గుర్తు. నీరు, వేడి, పురుగుమందులు అంటూ ఎన్నో ఊహలు సాగినా ఒక్క కారణం స్థిరపడలేదు, కాని డయాలసిస్ అవసరం మాత్రం నిజం. కారణం తెలియకపోవడం ఒకటి, హాని లేకపోవడం మరొకటి. ఈ రెంటినీ విడదీసి చూపగలిగేది తరచూ కాలమే.

వైద్యశాస్త్రం ఈ సంగతిని తన నిర్వచనాల్లోకే తీసుకున్నది. మూత్రపిండాల లోపం మూడు నెలలకు మించి నిలిచినప్పుడే దానిని దీర్ఘకాలిక వ్యాధి అంటారు. రక్తంలో ఒకే రకం ప్రతిరక్షకం అధికంగా కనబడి, క్యాన్సర్ లక్షణాలేవీ లేని స్థితికి 1978లో మేయో క్లినిక్ వైద్యుడు రాబర్ట్ కైల్ పెట్టిన పేరులోనే ‘ప్రాముఖ్యం నిర్ణయం కానిది’ అన్న ఒప్పుకోలు ఉంది. అటువంటివారిలో ఏటా సుమారు నూటికి ఒకరు మైలోమా అనే రక్త క్యాన్సర్ వంటి వ్యాధులవైపు జారతారు గనుక, వారికి మందు ఇవ్వరు, వదిలివేయరు, ఏళ్ల తరబడి గమనిస్తారు. పొటాషియం విపరీతంగా పెరగడం, ప్లేట్‌లెట్లు అట్టడుగుకు పడిపోవడం వంటివి గంటలు లెక్కపెట్టవలసిన ఫలితాలు, వాటికి ఈ ఓపిక వర్తించదు. తక్కినవాటిలో మళ్లీ మళ్లీ చూడటమే చికిత్స.

అలా చూసేటప్పుడు లోకపు గీతకన్నా ఆ మనిషి పాత ఫలితమే మంచి కొలబద్ద. క్రియాటినిన్ 0.7 నుంచి 1.1కు చేరిన స్త్రీ నివేదికలో ఏ ఎర్ర గుర్తూ పడకపోవచ్చు, కాని సగానికి పైగా పెరిగిన ఆ తేడాను వైద్యుడు పట్టించుకోవాలి; పదేళ్లుగా 1.4 దగ్గరే కదలకుండా ఉన్న కండబలం గల కూలీ గురించి అంత కలవరం అక్కరలేకపోవచ్చు. సిరిసిల్ల, జగిత్యాల పల్లెల యువకుల్లో చాలామందికి ఆరోగ్యంగా ఉన్న రోజుల రక్తం లెక్క ఎక్కడైనా రాసి ఉంటే, అది వీసా కోసం చేయించిన మెడికల్ కాగితాల్లోనే ఉంటుంది.