బోనం – ఎవరి చేతి అన్నం?

భోజనమన్న మాటే ప్రజల నోట బోనమయింది. ఈ సంగతి తెలిసినవారు కూడా బోనాలను గూర్చి మాట్లాడవలసి వచ్చినప్పుడు పోచమ్మను గూర్చి, పోతరాజును గూర్చి మాట్లాడుతారు. కుండలోని అన్నం మాట ఎత్తరు. నా ప్రశ్న ఆ అన్నాన్ని గురించినది.

ఎండలు తగ్గి తొలకరి పడ్డాక, ఆషాఢ శ్రావణాలలో, కాజీపేట వాడలలో బోనాలు బయలుదేరుతాయి. పసుపు కుంకుమలు పూసి వేపమండలు కట్టిన కుండ, లోపల బెల్లపన్నమో పసుపన్నమో, పైన దీపం. ఇది రైల్వే జంక్షను. సికింద్రాబాదు, విజయవాడ, బల్లార్షా దారులు కలిసే ఈ చోటికి కొలువుల కోసం నలుదిక్కుల నుంచి జనం వచ్చారు. ఊళ్ళో వాడలు వేరుగా బ్రతికినవారు క్వార్టర్లలో ఒకే గోడకు అటూ ఇటూ కాపురం పెట్టారు.

ఇదంతా మూఢనమ్మకమని తోసిపుచ్చే మిత్రులున్నారు. మశూచి, కలరాల భయం నుంచి ఈ మొక్కులు బలపడ్డాయన్నది కాదనలేము. మశూచిని తరిమింది టీకా. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని నిర్మూలనను ప్రకటించింది. అయితే భయం పోయిన తరువాత కూడా వంట ఎందుకు మిగిలింది? మూఢనమ్మకమన్న ఒక్క మాట దీనికి జవాబు కాజాలదు.

ఇది ప్రజల సామూహిక భోజనమని మురిసిపోయే మిత్రులూ ఉన్నారు. వారితోనే నాకు ఎక్కువ పేచీ. గ్రీసు దేశంలో ఇకారియా అనే దీవి ఉంది. అక్కడ వేసవిలో, ముఖ్యంగా ఆగస్టు 15న, పనిగిరి అనే ఊరి పండుగ జరుగుతుంది. పొడుగాటి బల్లల చుట్టూ కూర్చుని ఊరూ పొరుగూ మేకమాంసం, ద్రాక్షసారా పంచుకుంటారు. మిగిలిన సొమ్ము ఊరి పనులకు పోతుంది. అంతర్యుద్ధకాలంలో ప్రభుత్వం వేలాది కమ్యూనిస్టులను ఆ దీవికే ప్రవాసం పంపింది. సంగీతకారుడు మికిస్ థియొడొరాకిస్ 1947లో అక్కడికి వచ్చినవారిలో ఒకరు. దీవివాసులు ఆ ప్రవాసులకు తమ ఇళ్ళలో చోటిచ్చారు.

మన బోనానికి అటువంటి బల్ల లేదు. కుండ కుమ్మరి చేసినది, డప్పు మాదిగ కొట్టినది. శ్రమ ఊరందరిది. అన్నం మాత్రం ఏ ఇంటి నుంచి వెళ్ళిందో ఆ ఇంటికే తిరిగి వస్తుంది. పంచడం లేదని కాదు, ఉంది. కాని పై నుంచి కిందికి పోయినంత సులువుగా అది కింద నుంచి పైకి రాదు.

ఒక ఏడు మా వాడ ఊడ్చే ఆమె స్టీలు గిన్నెతో గుమ్మం ముందు నిలబడి, "సారూ, మా బోనంలది, పిల్లలు తింటరని తెచ్చిన" అన్నది. మా ఇంట్లో నవ్వుతూనే అందుకున్నారు. సాయంత్రానికి ఆ అన్నం ఆవు ముందు ఉంది. నేను చూశాను, నోరు మెదపలేదు. ఆ వారమే తరగతిలో సమానత్వాన్ని గూర్చి గంటసేపు చెప్పి వచ్చినవాణ్ణి.

సహపంక్తి భోజనాలతో కులం పోదని, కులాంతర వివాహమే అసలు మందని అంబేద్కర్ 1936లోనే రాశారు. ఆయన మాట నిజం. దాన్ని అడ్డం పెట్టుకుని, తిండి చిన్న విషయంలే అని తప్పించుకోజూసిన వారిలో నేనూ ఉన్నాను. పెళ్ళి వరకు పోలేనివాడు గిన్నె వరకైనా పోయాడా అన్నది వేరే ప్రశ్న. పెట్టేవాడి చేయి ఎప్పుడూ పైనే ఉంటుంది. దానం చేసి కూడా దొర దొరగానే మిగలగలడు. ఇంకొకరి చేతి వంట తినేటప్పుడు మాత్రం వారి నీటిని, వారి శుభ్రతను, వారి మర్యాదను నమ్మవలసి వస్తుంది. మా ఇంట్లో కరువైనది ఆ నమ్మకమే; అన్నానికి ఏ లోటూ లేదు. ఇందులో దేవత ప్రసక్తి ఎక్కడా లేదు. ఆమె ఉన్నా లేకున్నా ఆవు ముందు పెట్టింది మనుషులే.

గిన్నె కడిగి తిరిగి ఇచ్చాము. ఆమె దాని లోపలికి ఒకసారి చూసి, "తిన్నరా సారూ?" అని అడిగింది. తిన్నామన్నాను. మరుసటి ఏడు బోనాలు మా ఇంటి ముందు నుంచే పోయాయి. ఆమె నెత్తినా కుండ ఉంది. గిన్నె మాత్రం రాలేదు.