స్తంభం మీదున్నవాడికి ఫోన్ చేయకు

అమ్మాయీ, అసిస్టెంట్ ఇంజనీరుగా సెక్షన్ చేతికొచ్చిందని విని సంతోషించాను. వచ్చేది తుఫాన్ల కాలం. ఈ కరెంటు శాఖలోనే రిటైరైన మామయ్యగా నాలుగు మాటలు చెబుతాను, విను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు, గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచిన గాలికి కరెంటు స్తంభాలు ఒరిగాయి, సెల్‌ఫోన్లు మూగబోయాయి. అందుకే గాలి మొదలవకముందే నీ వాళ్లందరికీ చెప్పిపెట్టు: ఫోన్లు పోతే పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి సబ్‌స్టేషన్ దగ్గర కలుద్దామని. కొత్త కబురేమీ లేకపోయినా ఆ వేళకి నువ్వు అక్కడ ఉండి తీరాలి. వాళ్ల ఇళ్లూ ఆ తుఫానులోనే ఉంటాయి. ముందు ఎవరింట్లో ఏమైందో అడుగు, తర్వాత డ్యూటీ వెయ్యి.

తెలియనిది తెలియదనే చెప్పు. "స్తంభాలు ఎప్పుడొస్తాయో తెలీదు, మధ్యాహ్నానికి కనుక్కుని చెబుతా" అంటే ఎవరూ చులకన చేయరు. "గంటలో వచ్చేస్తాయి" అన్నవి రాత్రికీ రాకపోతే, మర్నాడు నిజం చెప్పినా నమ్మరు.

లైను మీద పనికి సప్లై తీయించి తీసుకునే లైన్ క్లియర్ (ఎల్.సి.) దగ్గర మాత్రం నీది చాదస్తమని నవ్వుకున్నా సరే. ఏ ఫీడరు, ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా, ఎవరి పేరున అన్నది ఆపరేటరు చేత తిరిగి చెప్పించు, పుస్తకంలో రాయించు. పక్క జిల్లా నుంచి సాయానికొచ్చిన గ్యాంగుకు "రావిచెట్టు దగ్గరి లైను" అంటే ఏం తెలుస్తుంది? మనిషిని వెంట పంపి చూపించు. ఎవరింట్లోనో తిరిగే జనరేటరు చచ్చిన లైన్లోకి కరెంటు ఎక్కించవచ్చు. సప్లై తీశామన్న మాట చాలదు. టెస్ట్ చేసి, రెండు వైపులా ఎర్త్ వేశాకే ఎక్కమని ప్రతిసారీ చెప్పు.

ఫోన్లు మళ్లీ పలకగానే పైనుంచి మొదలవుతుంది: "కరెంటు ఎప్పటికొస్తుంది?" ఆ కంగారు నీ దగ్గరే ఆగాలి. స్తంభం మీదున్న లైన్‌మన్ చెవిలో దాన్ని వేశావో, అతని చెయ్యి తడబడుతుంది. జవాబు నువ్వు చెప్పు, తిట్లు నువ్వు తిను. అతనికి చేయాల్సిన పని ఒక్కటే చెప్పు. అందరూ కిందికి దిగారని పేరుపేరునా పిలిచి చూసుకున్నాకే ఎల్.సి. రిటర్న్ చేయించు.

అన్నట్టు, ఆ నాలుగు రోజులూ నువ్వూ వేళకింత తిను తల్లీ. ఆకలి మీదున్న ఆఫీసరు నోట మంచిమాట రాదు.