గాయకుని వేషం, శ్రోతల బాధ్యత

ప్రజల కోసం పాడిన మనిషి మారవచ్చునా? మారితే అంతకుముందు పాడిన పాట అబద్ధమైపోతుందా? గద్దర్ విషయంలో ఈ ప్రశ్న వరంగల్లులో పుట్టటం సహజం. 1990 మే నెలలో ఇక్కడ జరిగిన రైతుకూలీ సంఘం మహాసభలకు లక్షలాది జనం వచ్చారు. గోచీ, గొంగడి, చేతికర్ర, కాళ్ళకు గజ్జెలు - ఆ రూపమే వారి మనసుల్లో నిలిచిపోయింది. అదే మనిషి 2017లో గుళ్ళకు వెళ్ళాడు. ప్యాంటూ చొక్కా తొడిగాడు. 2018 డిసెంబరులో జీవితంలో మొదటిసారి ఓటు వేశాడు. 2023 ఆగస్టు 6న మరణించినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. నేడు తెలంగాణ ప్రభుత్వం సినిమాలకిచ్చే అవార్డులకు ఆయన పేరే పెట్టారు.

ద్రోహమని కొందరంటారు. ఆయన ఇష్టమని మరికొందరంటారు. రెండూ తొందరపాటు జవాబులే.

ముందు వేషం సంగతి చూద్దాం. తూప్రాన్‌లో పేద దళిత కుటుంబంలో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు కెనరా బ్యాంకులో గుమాస్తా. గొంగడి గొల్లకురుమలది. గద్దర్ అన్న పేరు గదర్ పార్టీ నుంచి తెచ్చుకున్నది. అంటే ఆనాటి రూపం కూడా ఒక మార్పే, తెలిసి ఎంచుకున్నదే. గొర్లకాపరి కొడుకు చొక్కా తొడిగితే అభివృద్ధి అని సంతోషిస్తాం గదా. అతని పాట పాడినవాడు తొడిగితే మాత్రం పతనమెందుకవుతుంది? 1997 ఏప్రిల్ 6న ఆయనపై జరిగిన కాల్పుల్లో దిగిన ఒక తూటా చివరిదాకా వెన్నులోనే ఉండిపోయింది. గొంగడి కిందా అదే తూటా, చొక్కా కిందా అదే తూటా. బట్టను చూసి నిజాయితీని కొలిచేవారు దీనిని ఏ పద్దులో వేస్తారు?

ఇక 'ఆయన ఇష్టం' అన్న వాదం. 1965లో న్యూపోర్ట్ ఉత్సవంలో బాబ్ డిలన్ విద్యుత్ గిటారు పట్టుకున్నప్పుడు శ్రోతల్లో కొందరు గేలి చేశారు. కాని డిలన్ తన పేరున, తన పాటలు పాడుకున్న కవి. జననాట్యమండలి సంగతి వేరు. 1972 ప్రాంతాన రూపుదిద్దుకున్న ఆ సంస్థలో వంగపండు వంటి కవులున్నారు, డప్పు కొట్టినవారున్నారు, వంత పాడినవారున్నారు. బాణీలు పల్లె జనం నోటినుంచి వచ్చాయి. అటువంటి పాట ఒక్కరి సొత్తు కాదు. గాయకుడు తన శరీరాన్నీ, తన ఓటునూ వెంట తీసుకుని బయటికి నడవవచ్చు; వంతను తీసుకుపోలేడు.

కనుక మారే హక్కు ఉన్నది. ఎందుకు మారాడో చెప్పవలసిన బాధ్యతా ఉన్నది. రాజ్యాంగం, ఓటు అంటూ ఆయన తన కారణాలు కొన్ని చెప్పాడు. అంగీకరించవచ్చు, కాదనవచ్చు. కాని ఆ బాధ్యత ఎవరి పట్ల? వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల విద్యార్థి సూరపనేని జనార్దన్ 1975లో గిరాయిపల్లి అడవిలో పోలీసు తూటాలకు చనిపోయాడు. ఆ తర్వాత అటువంటి యువకులు ఎందరో చనిపోయారు. వారికి అభిప్రాయం మార్చుకునే అవకాశమే లేదు. చొక్కా మార్చుకునే వయసు కూడా రాలేదు.

అయితే వారికి జవాబు చెప్పవలసినది పాడినవాడొక్కడేనా? పాట విని చప్పట్లు కొట్టి, మరునాడు ఉద్యోగానికి వెళ్ళినవారికి ఆ బాకీ లేదా? గాయకుడు ఎన్నడూ మారకూడదని పట్టుబట్టేవారిలో చాలామంది కోరేది, తాము చేయని త్యాగాన్ని తమ తరఫున మరొకడు చేస్తూ ఉండాలనే. అతడు గొంగడి విప్పితే వారికి కలిగేది దుఃఖం కన్నా అసౌకర్యం.

ఆయన పేరును అవార్డుకు పెట్టటం ప్రభుత్వానికి తేలిక. ఆయనను ద్రోహి అనటం మనకు తేలిక. ఆ పాటలు అడిగిన భూమి, కూలి, ఆత్మగౌరవం నేడు ఎవరికి దక్కాయో, ఎవరికి దక్కలేదో లెక్క తీయటం కష్టం. ఆ లెక్కకు గాయకుని బట్టలతో పనిలేదు.