పిలిచి రావడం

మా పెనుబల్లిలో ఒకప్పుడు పగటిపూట తలుపు గడియ పెట్టే అలవాటు లేదు. అయినా ఎవరూ నేరుగా లోపలికి వచ్చేసేవారు కాదు. వాకిట్లో నిలబడి "వదినా, ఉన్నావా?" అని ఒక్క కేక. ఆ కేకకీ నా జవాబుకీ మధ్య పైట సర్దుకోవడానికో, కళ్ళు తుడుచుకోవడానికో కాస్త వ్యవధి దొరికేది.

ఇప్పుడీ సంగతెందుకంటారా? పోయిన సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన మా అబ్బాయి టీవీ పక్కన ఓ చిన్న పెట్టె పెట్టాడు. సర్వరుట. మా పెళ్ళి ఫొటోలూ, వాళ్ళ నాన్నగారు క్యాసెట్లో పాడి దాచిన పాటలూ అన్నీ అందులోనే. అక్కడ కూర్చుని వాడు వింటాడట. నేను ఒంటరిదాన్నని హాల్లో ఓ కెమెరా కూడా తగిలించాడు.

ఉన్న వారం రోజులూ ఆ పెట్టెతోనే కుస్తీ. బయటినుంచి ఎంత తట్టినా పలకదే! "రూటరంటే ద్వారపాలకుడమ్మా. లోపలివాళ్ళు అడిగినదానికి వచ్చిన జవాబునే రానిస్తుంది. పిలవనివాళ్ళని గుమ్మంలోనే ఆపేస్తుంది" అన్నాడు. పైగా మా ఇంటికి సొంత నంబరే లేదుట. పాతరకం ఇంటర్నెట్ నంబర్లు ప్రపంచం మొత్తానికి సుమారు 430 కోట్లే. పంచిపెట్టే కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే నిండుకుంది. అందుకని ఒక్క నంబరు వెనక ఎన్నో ఇళ్ళని సర్దుతుంటారు. ఆ నంబరు పట్టుకుని వచ్చినవాడికి మా ఇల్లేదో ఎలా తెలుస్తుంది?

చివరికి దారి లోపలినుంచే దొరికింది. పెట్టే తనంతట తాను బయటికి ఓ దారి తెరిచి పట్టుకుంటుంది. తాళంచెవి ఉన్న మావాడు ఆ దారినే వస్తాడు. తాళం గట్టిదే వేశాడు లెండి. ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చని కెమెరాలూ రూటర్లూ 2016లో 'మిరాయ్' అనే దొంగ ప్రోగ్రాముకి లక్షల్లో చిక్కాయి మరి.

దొంగల సంగతి సరే, మనవాళ్ళ సంగతో? ఓరోజు ఉదయం పది గంటలకి ఫోను. "అమ్మా, నాన్న ఫొటో ముందు కూర్చుని ఏడుస్తున్నావేం?" ప్రేమగానే అడిగాడు. నేను మాత్రం ఉలిక్కిపడ్డాను. ఆ ఏడుపు నాది. దానికి వాకిట్లో కేక వినపడలేదు.

వాడి భయంలో తప్పులేదు. నిరుడు పెరట్లో జారిపడి గంటసేపు లేవలేకపోయాను. పోనీ నేనేమైనా తక్కువదాన్నా? వాడు ఇంటరు చదివే రోజుల్లో పుస్తకాల సంచీ వెతికి ఉత్తరం చదివాను. "నీ మంచికేరా" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ మౌనం ఏమిటో నాకిప్పుడు అర్థమయింది.

ఏకాంతం ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. సర్కారు మీదైతే కోర్టుకెక్కవచ్చు. కన్నకొడుకు ప్రేమ మీద ఎక్కడికి వెళ్తాం? ప్రేమకి తాళంచెవి ఇవ్వొచ్చు గాని, కేక వెయ్యకుండా వచ్చే హక్కు కూడా ఇచ్చినట్టేనా?

ఇద్దరం ఓ ఒప్పందానికి వచ్చాం. కెమెరా స్విచ్చి నా చేతిలో. "అమ్మా, రానా?" అంటాడు, వేస్తాను. ఉదయం ఎనిమిదింటికల్లా నేను ఫోను చెయ్యకపోతే పక్కింటి వదినకి చేస్తాడు. ఆవిడ వాకిట్లోంచి కేకేసి మరీ వస్తుంది.

పాటల పెట్టెని మాత్రం ఎప్పుడూ ఆపను. ఒక్కో రాత్రి మెలకువ వస్తే దాని చిన్నదీపం మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. అక్కడ వాడు వాళ్ళ నాన్న పాట వింటున్నాడు కాబోలు. ఆ గుమ్మం దగ్గర ఎవరూ కేక వెయ్యక్కర్లేదు.