ఆయుధపు హక్కు – పౌరసేన బాధ్యత

అమెరికా సంయుక్త రాష్ట్రముల రాజ్యాంగమునకు 1791లో చేర్చిన రెండవ సవరణ ఒకే వాక్యము. స్వతంత్ర రాజ్యభద్రతకు క్రమబద్ధమైన పౌరసేన అవసరమని దాని మొదటి భాగము చెప్పును. ఆయుధములు ఉంచుకొనుటకు, ధరించుటకు ప్రజలకు గల హక్కును భంగపరచరాదని రెండవ భాగము చెప్పును. మొదటిది రెండవదానికి షరతా, లేక పీఠిక మాత్రమా? పౌరసేనలో లేనివానికి తుపాకి హక్కు కలదా?

ఆనాటి పౌరసేన ఎట్టిదో 1792 నాటి చట్టము వలన తెలియును. 18 ఏండ్లు నిండి 45 ఏండ్లలోపు వయస్సుగల, బానిసలు కాని తెల్లజాతి పురుషులు జాబితాలో చేరి, ఆరు నెలలలో సొంత ఖర్చుతో మస్కెట్టు తుపాకి, బాయొనెట్టు, రెండు చెకుముకి రాళ్లు, 24 తూటాలు పట్టు పెట్టెతో సంచి సమకూర్చుకొనవలెను. పిలిచినపుడు వాటితో హాజరు కావలెను. (తెల్లజాతి అను మాట చట్టములోనిదే. హక్కులను గూర్చి అంత గొప్పగా మాటలాడినవారి లెక్క అట్టిది.) తుపాకి నాడు హక్కు కంటె ముందు ఒక బరువు. 1903 చట్టముతో ఆ పని నేషనల్ గార్డుకు చేరినది. ఇంటి తుపాకితో కవాతుకు పోవు అవసరము తప్పినది.

1939లో మిల్లరు కేసున సుప్రీంకోర్టు, పౌరసేనతో సంబంధము చూపనిదే కురచ తుపాకికి ఈ రక్షణ లేదన్నది. 2008లో హెల్లరు కేసున అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు కాగా, సేనతో నిమిత్తము లేకయే వ్యక్తికి హక్కు కలదని తీర్పు వచ్చినది. అది వ్రాసినవాడు స్కాలియా. కాదన్నవారిలో ముఖ్యుడు స్టీవెన్సు.

వర్తకులకు దస్తావేజులు కొత్త కావు. సత్రము నడుచుటకై ఒక మడి ఫలసాయము వ్రాసియిచ్చిరనుకొందము. సత్రము మూతపడినచో అనుభవదారుడు ఆ ఫలసాయము తనదనగలడా? అనలేడు. ఈ పోలికతో స్టీవెన్సు మాటయే సబబనిపించును. కాని స్కాలియా జవాబు బలమైనది: హక్కును రాజ్యాంగము దానము చేయలేదు, అది పూర్వమే ప్రజలకున్నది, సవరణ దానిని కాపాడినది మాత్రమే. మడి సొంతమైనవానికి సత్రము మూసిననేమి, తెరచిననేమి?

జైన గృహస్థుడును దీనిని తేలికగా కొట్టివేయరాదు. ఆత్మరక్షణకు తప్పనిసరియైన విరోధి హింసను పెద్దలు సంకల్ప హింసతో సమముగా చూడలేదు. శ్రవణబెళగొళలో గొమ్మటేశ్వరుని నిలిపిన చావుండరాయడు గంగరాజుల సేనాపతియే. అయితే ఆయన కత్తికి లెక్క అడుగు రాజు కలడు.

పౌరసేనతో పాటు జాబితా, హాజరు, తనిఖీ, నాయకుని ఆజ్ఞ పోయినవి. హక్కును ఒప్పుకొన్నను, వీటి స్థానమున ఏమి వచ్చినదని అడుగవచ్చును. నేరస్థులకు, మతిస్థిమితము లేనివారికి నిషేధము చెల్లునని హెల్లరు తీర్పే అన్నది. 2022లో న్యూయార్కు కేసున అదే కోర్టు, ఆయుధ నియంత్రణము దేశ చారిత్రక సంప్రదాయమునకు అనుగుణముగా నుండవలెనన్నది. చరిత్రయే ప్రమాణమైనచో 1792 నాటి జాబితాయు ఆ చరిత్రలోనిదే గదా!

సేవ పోయి ఆయుధము నిలిచిన చోటు కర్ణాటకములోను కలదు. కొడగులో జమ్మా భూములు ఒకప్పుడు రాజులు సైన్యసేవ షరతుపై ఇచ్చినవి. ఆ సేవ ఎన్నడో ముగిసినది. కొడవ జాతివారికి, జమ్మా భూమి గలవారికి ఆయుధ లైసెన్సు నుండి మినహాయింపు మాత్రము బ్రిటిషువారి కాలమునుండి సాగి, 2019లో మరల 2029 వరకు పొడిగింపబడినది. కైల్‌పోదు పండుగనాడు వారు ఆయుధములను పూజింతురు. కాని అది గడువుగల సర్కారు ఉత్తరువు. అమెరికావలె రాజ్యాంగపు హక్కు కాదు. గడువు వచ్చినప్పుడెల్ల ఇంకను అవసరమా అని అడుగుటకు అందు వీలున్నది.

ఇక అమ్మువాని సంగతి. శ్రావకుడు విడువవలసిన అనర్థదండములలో హింసాదానమొకటి. కత్తి, విషము, నిప్పు వంటి సాధనములు పరులకిచ్చుట అందు చేరును. సేనకు సరకు చేర్చినవానికి అది ఎవరి చేతికి పోవునో తెలియును. అంగడిలో నాణెములు లెక్కించి ఇచ్చినవానికి తెలియదు. కొన్నవాడు చేసిన నేరమునకు తయారీదారుపై, వర్తకునిపై దావాలు చాలవరకు చెల్లకుండ 2005లో అమెరికా చట్టము చేసినది. అణువ్రతములు పట్టిన వర్తకుడు ఆ చట్టము చాటున నిలువవచ్చునా అనునది ఏ కోర్టుకును పోవు దావా కాదు.