సీనియర్ మాట, చట్టం మాట

2019 జనవరి చివర్లో మిషిగన్‌లోని ‘యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్’ గుట్టు బయటపడింది. అది విశ్వవిద్యాలయం కాదు, హోంలాండ్ సెక్యూరిటీ అధికారులు వేసిన వల. అందులో క్లాసుల్లేవు, పాఠాలు చెప్పేవాళ్లూ లేరు. అయినా దాదాపు 600 మంది చేరారు. వాళ్లలో అత్యధికులు భారతీయులు, తెలుగు పిల్లలు చాలామంది. సుమారు 250 మందిని అదుపులోకి తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది తమంతట తామే దేశం వదిలి వెళ్లిపోయారు.

ఆ పిల్లలను అక్కడ చేర్పించింది ఎవరన్నదే నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. దళారులుగా కేసు ఎదుర్కొన్న ఎనిమిది మందిలో ఎక్కువమంది మనవాళ్లే. ఒక్కొక్కరిని చేర్పించినందుకు డబ్బో, ఫీజులో తగ్గింపో పుచ్చుకున్నారు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారని ఊరూరా ఆగ్రహించాం. ఎనిమిదేళ్లు తిరక్కుండానే మళ్లీ అదే దారిలో నడిచాం. ఆ రెండుసార్లూ పిల్లలను నమ్మించింది ఒకటే మాట: ‘ఏం కాదు తమ్ముడూ, అందరూ చేస్తున్నారు.’

పిల్లలకు ముందు చెప్పాల్సింది వీసాకూ స్టేటస్‌కూ తేడా. పాస్‌పోర్టులోని స్టాంపు దేశంలోకి రావడానికి మాత్రమే. ఉండే హక్కును నిలబెట్టేది స్టేటస్. స్టాంపు ఇంకా మూడేళ్లుందని, క్లాసులకు వెళ్లకుండా ఊరవతల గ్యాస్ స్టేషన్‌లో పనిచేస్తే ఆ స్టాంపు కాపాడదు. స్టేటస్ సక్రమంగా ఉన్నవాళ్లు మాత్రం స్టాంపు గడువు తీరినా నిశ్చింతగా చదువుకోవచ్చు. చదువుకుంటూ పనిచేయడానికిచ్చే అనుమతి, సీపీటీ కూడా అంతే. కాగితం చేతిలో ఉంటే చాలదు, ఆ పని చదువులో భాగమై తీరాలి. పూర్తికాలపు సీపీటీ ఏడాది చేస్తే ఆ స్థాయి చదువు మీద ఓపీటీ (చదువు తర్వాత పనిచేసే అనుమతి) రాదని ఎన్ని కన్సల్టెన్సీలు ముందే చెబుతాయి?

పోలీసు ఎదురుపడితేనే చిక్కు అనుకుంటాం. నిజానికి చిక్కు మొదలయ్యేది విదేశీ విద్యార్థుల వివరాలుండే సెవిస్ రికార్డులో. క్రెడిట్లు తగ్గినా, ఓపీటీలో ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటినా అక్కడ తెలుస్తుంది. హెచ్-1బి వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే మరో దారి చూసుకోవడానికి గడువు గరిష్ఠంగా 60 రోజులే. దేశంలోకి వచ్చినప్పుడు నమోదయ్యే ఐ-94లో తేదీ రాసి ఉన్నవాళ్లు దాన్ని దాటి 180 రోజులకు పైగా ఉండి వెళితే మూడేళ్లు, ఏడాది పైన ఉండి వెళితే పదేళ్లు తిరిగి రావడానికి వీల్లేదని 1996 నాటి చట్టం చెబుతుంది.

పట్టుబడినవాళ్లకూ హక్కులున్నాయి. మౌనంగా ఉండొచ్చు, అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టనక్కర్లేదు, లాయర్‌తో మాట్లాడతానని అడగొచ్చు. అయితే ఇమిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వ ఖర్చుతో లాయర్‌ను ఇవ్వరు. ఫార్మింగ్టన్ వేళ పిల్లల కోసం లాయర్లను వెతికిపెట్టిన తెలుగు సంఘాల సాయం ఎంత విలువైనదో ఇక్కడ తెలుస్తుంది. కట్టిన ఫీజు కోసం ఒక విద్యార్థి వేసిన దావా నడవవచ్చని 2024 జూన్‌లో ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పిచ్చింది. ఆ పిల్లలు మోసపోయారన్న మాటకు అలా ఆలస్యంగానైనా కోర్టులో చోటు దొరికింది.

ఆగస్టులో కొత్త పిల్లలు దిగుతారు. ఎయిర్‌పోర్టు నుంచి తెస్తాం, భోజనం పెడతాం, గది చూపిస్తాం. ఆ వారంలోనే ఒక ఇమిగ్రేషన్ లాయర్‌ను పిలిచి గంటసేపు మాట్లాడిద్దాం. సందేహం వస్తే ముందు కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్‌ఓకి మెయిల్ పెట్టి, జవాబు దాచుకోమని చెబుదాం. మనకు తెలియని ప్రశ్న అడిగితే, ‘నాకు తెలియదురా, లాయర్‌ను అడుగుదాం పద’ అని వెంట వెళదాం.